ఏడిళ్ళ ఉపవాసం

ఇప్పుడు పొట్ట తగ్గించుకోవాలంటే దానికో డాక్టరు, ఆయన రాసిచ్చిన చీటీ, తెల్లవారకుండానే తొడుక్కునే తెల్లబూట్లు, వీటన్నిటికీ మించి ఇంట్లో ఒక కాపలా మనిషి ఉన్నారు. మా కాలేజీ రోజుల్లో, అంటే అరవైల చివర్లో, విజయనగరం మొత్తమ్మీద పొట్ట తగ్గించుకుంటానన్న మనిషి ఒక్కడూ లేడు. అందరూ పెంచుకోవడానికే నానా అగచాట్లు పడుతున్న కాలం. సన్నగా ఉన్నవాణ్ణి "ఏటిరా, ఒంట్లో బాగోనేదా?" అని ఆపి అడిగేవారు. పొట్ట ఉన్నవాడికి కుర్చీ వేసేవారు. అలాంటి కాలంలో నేను సన్నబడదామని బయల్దేరాను. ఇందులో అబద్ధం రవ్వంత ఉంటే ఉండొచ్చు గానీ (మా ఆవిడ అంచనా ప్రకారం ముప్పాతిక), బరువులు మాత్రం నిజం. అవి కాటా మీద తూచినవి.

మాది రాజాం దగ్గర పల్లె. నాన్నది చిన్న కిరాణా కొట్టు. నన్ను హాస్టల్లో పెట్టే తాహతు లేక, విజయనగరంలో మా చుట్టాలూ, చుట్టాలమని ఒప్పుకున్నవాళ్ళూ కలిపి ఏడిళ్ళు చూసి వారాలు కుదిర్చాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో, అలా వారం తిరిగేసరికి ఏడిళ్ళు. పడుకోవడానికి, చదువుకోవడానికి సత్రం అరుగు పక్క గది. ఆ ఇళ్ళవాళ్ళ పేర్లు నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. సోమవారం అత్త, మంగళవారం పిన్ని, బుధవారం మామ్మ, ఆదివారం మావ, ఇలా వారాలే చుట్టరికాలైపోయాయి. వీళ్ళలో సోమవారం అత్తది బట్టలకొట్టు కుటుంబం, పెద్ద మేడ. ఆదివారం మావ గోగునార వర్తకుడు. బుధవారం మామ్మ వీధి చివర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండి, అప్పడాలూ వడియాలూ చేసి అమ్ముకునేది.

వచ్చిన మొదటి ఆదివారం మావ నన్ను గోదాములోకి తీసుకెళ్ళి, నార కట్టలు తూచే కాటా పళ్ళెంలో కూచోబెట్టాడు. ఆయనకి దేన్నైనా తూచి చూస్తే గానీ నమ్మకం కుదరదు. "నాలుగు మణుగులు" అన్నాడు కట్టలు మోసే కళాసీ, నన్ను ఒంటిచేత్తో దింపుతూ. (మణుగంటే ఎనిమిది వీశెలు, ఇప్పటి లెక్కలో పదకొండు కిలోల పైచిలుకు.) అప్పట్లో నేను ఎముకలకి చొక్కా తొడిగినట్టుండేవాణ్ణి. కానీ చెడుగుడులో రాజాం చుట్టుపక్కల నన్ను పట్టుకున్నవాడు లేడు. (పట్టుకోవడానికి ఏమైనా ఉంటే కదా!) కాలేజీలో చేరిన నెల్లాళ్ళకే డ్రిల్లు మేష్టారు నన్ను జట్టులోకి తీసుకున్నారు. కూతకి వెళ్ళానంటే ఇద్దర్ని ముట్టి గాని వచ్చేవాణ్ణి కాదు. తరగతిలో నన్నెవరూ పట్టించుకునేవారు కాదు గానీ, ఆ గీతకి అవతల మాత్రం ఏడుగురూ నన్నే చూసేవారు. ఆ సుఖం ఎలాంటిదో పదిహేడేళ్ళవాడికే తెలుస్తుంది.

నా పతనానికి కారణం ఏడుగురు ఇల్లాళ్ళ దయాగుణం. సోమవారం అత్త ఉద్దేశంలో మిగతా ఆరిళ్ళలోనూ నాకు పెట్టేది చారునీళ్ళు. మంగళవారం పిన్ని ఉద్దేశంలో సోమవారం అత్త చేతికి ఎముక తప్ప ఏమీ లేదు. "నిన్న ఆవిడింట్లో ఏటి పెట్టినార్రా?" అని ప్రతి ఇంటిలోనూ మొదటి ప్రశ్న. నేను ఏది చెప్పినా "అంతేనా? పాపం గుంటడు!" అని దానికి రెట్టింపు పెట్టేవారు. అంటే మంగళవారం సోమవారానికి రెట్టింపు, గురువారానికి ఎంతవుతుందో లెక్కల ట్యూటరు కూడా చెప్పలేకపోయాడు. ఏడాది తిరిగేసరికి కళాసీ నన్ను కాటా ఎక్కించడానికి తోడు ఇంకొకణ్ణి పిలిచాడు. "ఆరు మణుగుల ఏడు వీశెలు" అని పాట పాడాడు. మావ ఆనందంతో నా వీపు తట్టి, "సూసినావా, సరుకు నా సేతిలో పడితే ఎలగ తేరుకుంటాదో!" అన్నాడు, మిగతా ఆరిళ్ళకీ చిల్లిగవ్వంత పేరు మిగల్చకుండా.

డ్రిల్లు మేష్టారు మాత్రం ఆనందించలేదు. సెలవుల తర్వాత మొదటి రోజు నేను కూతకెళ్ళి, గీత దగ్గరికి తిరిగొచ్చేలోపే ఊపిరాడక కూచుండిపోయాను. ఆయన నా చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. దానికి ఆయనకి చాలాసేపే పట్టింది. "దసరా సెలవుల తర్వాత శ్రీకాకుళం వాళ్ళతో రాజాంలో పోటీ. అప్పటికి నువ్వు మళ్ళీ మనిషివైతే జట్టులో ఉంటావు. లేదంటే గీతలకి సున్నం వేస్తావు" అన్నారు. రాజాంలో! మా ఊరి జనమంతా చూస్తుండగా సున్నం డబ్బాతో! ఆ రాత్రి అన్నం సయించలేదని రాస్తే బాగుండును గానీ, ఆ రోజు శుక్రవారం. శుక్రవారం వారిది గుత్తొంకాయ కూర.

మర్నాడు ఉదయం కోట చుట్టూ పరుగెత్తడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో వీధిలో పరుగెత్తే మనిషంటే దొంగైనా కావాలి, చావుకబురు మోసేవాడైనా కావాలి. "ఒరే, ఎవలికేటైనాదిరా?" అని అరుగుల మీంచి కేకలు. ఒకాయన జాలిపడి నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, ఎక్కడికని కూడా అడగకుండా పెద్దాసుపత్రి దగ్గర దింపేసి వెళ్ళాడు. ఆదివారం నాడు చెమటలు కక్కుతూ మావ గోదాములోకి వస్తే, ఆయన నా చొక్కా పిండి చూసి, "తడి సరుకు. తరుగు తియ్యకుండా తూస్తే మోసం" అన్నాడు. (నార బరువు పెంచడానికి రైతులు నీళ్ళు చల్లుతారని ఆయనకి జీవితకాలపు అనుమానం.)

ఇక మిగిలింది తిండి తగ్గించడం. కానీ వారాల ఇంట్లో "చాలు" అనడం కన్నా తిట్టడం నయం. చాలు అన్నావంటే వంట బాగోలేదన్నట్టు, బాగోలేదంటే పక్కవాళ్ళది బాగున్నట్టు. ఈ చిక్కు తెంపడానికి నాకు తోచిన ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. సోమవారం అత్తతో శివుడికి ఉపవాసమన్నాను. మంగళవారం ఆంజనేయుడు, గురువారం గురువులు, శుక్రవారం అమ్మవారు, శనివారం వెంకన్న, ఆదివారం సూర్యనారాయణమూర్తి. బుధవారానికి ఎంత వెతికినా దేవుడు దొరకలేదు.

"ఓలమ్మా! ఈ వయసులో ఇంత భక్తేటిరా!" అని సోమవారం అత్త కళ్ళొత్తుకుంది. వెంటనే ఫలహారం పెట్టింది. ఉపవాసమంటే అన్నం మానడమే గాని తినడం మానడం కాదని మా వాళ్ళ శాస్త్రం. చేటంత దిబ్బరొట్టె, దాని మీద బెల్లం పాకం, పక్కన నెయ్యి కారే ఉప్పుపిండి, అరడజను చక్కెరకేళీలు, ఆపైన గ్లాసుడు చిక్కటి పాలు. అన్నమైతే కనీసం ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టొచ్చు. దేవుడి పేరు మీద పెట్టినదానికి అడ్డమేం పెడతాం? "కడుపు మాడ్సుకుని సెయ్యకూడదు నాయనా, ఆ పాపం మాకొస్తాది" అంటూ ఇంకో ముక్క వేసింది. ఆరుగురు దేవుళ్ళకి నెల్లాళ్ళు ఉపవాసాలుండేసరికి నేను ఏడు మణుగులు దాటాను.

బుధవారం మామ్మ దగ్గర మాత్రం కడుపునొప్పి అన్నాను. మామ్మ నా కేసి తేరిపార చూసింది. "నిన్న నొప్పి నేదు, రేపు ఉండదు. నా వారానికే వస్తాదేటిరా నీ నొప్పి? నిజం సెప్పు, నేను ఎవలికీ సెప్పను."

చెప్పేశాను. చెడుగుడు, మేష్టారు, రాజాం, సున్నం డబ్బా, అన్నీ. మామ్మ నవ్వలేదు. "ఈ ముక్క ముందే సెప్తే పోయేది కదరా. ఆకలేస్తే తిను, ఆకలి తీరకముందే లెగు" అని ఆకులో రెండు గరిటెలు అన్నం పెట్టి గిన్నె మీద మూత వేసేసింది. విజయనగరంలో నాకు మారు వడ్డించని మొదటి చెయ్యి అది. నాకు కాస్త అవమానంగా కూడా అనిపించింది.

శ్రావణ శుక్రవారం పేరంటంలో నా గుట్టు రట్టయింది. పసుపు రాయించుకుంటూ సోమవారం అత్త, "మా సోమవారం గుంటడు శివభక్తుడమ్మా" అందిట. "సోమవారమేటి వదినా, మా ఇంట్లో మంగళవారం హనుమంతుడికి కదా ఉంటాడు!" అని పిన్ని అందిట. శుక్రవారం ఆవిడా, శనివారం ఆవిడా గొంతు కలిపేసరికి ఆరు ఉపవాసాలూ, ఆరు దిబ్బరొట్టెలూ ఒక్కసారి బయటపడ్డాయి. పేరంటాళ్ళు శనగలు నమలడం ఆపేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఆ తర్వాత వాళ్ళు వేసిన శిక్షని ఏ కోర్టూ వేయలేదు. సోమవారం వెళ్ళేసరికి అత్త ఎంతో భక్తిగా, "నాయనా, మాకు తెలీక ఇన్నాళ్ళూ నీ వ్రతం సెడగొట్టినాం. మండలం రోజులు నిజమైన దీక్ష సేయిస్తాం" అని నా ముందు ఓ గ్లాసుడు మజ్జిగ, గుప్పెడు నానబెట్టిన పెసరపప్పు, రెండు తులసాకులు పెట్టింది.

"అత్తా, మరి ఫలహారం?"

"అమ్మమ్మ! దేవుడికి కోపమొస్తాది."

ఆరిళ్ళలోనూ అదే మజ్జిగ, అదే పప్పు, అవే తులసాకులు. వంటింట్లోంచి పోపు వాసన మాత్రం నా కోసమే వేసినట్టు వచ్చేది. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. అంత బాగా నటించే ఆడవాళ్ళని నేను ఏ నాటకంలోనూ చూడలేదు. బుధవారం వస్తోందంటే పండగ వస్తున్నట్టుండేది. మామ్మ పెట్టే ఆ రెండు గరిటెల అన్నం కోసం మంగళవారం సాయంత్రం నుంచే వీధి చివర తచ్చాడేవాణ్ణి. దసరా నాటికి గోదాములో కళాసీ నన్ను మళ్ళీ ఒంటిచేత్తో ఎక్కించాడు. "అయిదు మణుగులు!" మావ నా చెయ్యి నొక్కి చూసి, "ఎండు సరుకు. తరుగు నేదు" అని ఒప్పుకున్నాడు. మేష్టారు నా పేరు జట్టులో రాశారు.

దీక్ష ముగిసింది, కోపాలూ ముగిశాయి. నలభై రోజులు మాడ్చామన్న పశ్చాత్తాపం ఆరిళ్ళలో ఒక్కసారే పొంగింది. పోటీ రోజు ఉదయం నేను బస్సెక్కేసరికి నా ఒళ్ళో ఆరు క్యారేజీలున్నాయి. పులిహోర, బొబ్బట్లు, గారెలు, ఎవరి ప్రతాపం వారిది. ఏడోది మామ్మ ఇచ్చిన చిన్న గుడ్డమూట. "ఆటకి ముందు ఇది తిను. పెరుగన్నం. కడుపు సగమే నిండుతాది, కాలు తేలిగ్గా లెగుస్తాది" అంది.

రాజాంలో దిగాక ఆలోచించాను. ఈ ఆరూ తింటే మళ్ళీ మొదటికి వస్తాను. తినకుండా తిరిగి తీసుకెళితే ఆరిళ్ళలో ఈసారి ఏ దీక్ష పడుతుందో తెలీదు. అప్పుడు కనపడ్డారు శ్రీకాకుళం జట్టువాళ్ళు, చెట్టునీడన అటుకులూ బెల్లం ముందేసుకుని, ఏడుగురు. నాలోని దయాగుణం (ఏడాదిన్నర నేర్చుకున్న విద్య) నిద్రలేచింది.

"ఏటి బావా, అటుకులు తిని ఆడతారేటి? మా అత్తలు కట్టినారు, రండి."

"వద్దు బావా, ఆట ముందు..."

"వద్దంటే మా అత్తలు వంట సేతకానోళ్ళన్నట్టే!"

మా ప్రాంతంలో ఈ మాటకి ఎదురు లేదు. వాళ్ళ మీసాల కెప్టెను బొబ్బట్ల క్యారేజీ విప్పాడు. నేను వెనక నిలబడి "అంతేనా? పాపం!" అంటూ ఆరుగురికీ కొసరి కొసరి వడ్డించాను. ఇది చూసి మా డ్రిల్లు మేష్టారు, "క్రీడాస్ఫూర్తి అంటే ఇదిరా!" అని గద్గదస్వరంతో మిగతావాళ్ళకి చెప్పారు. ఏడోవాడు ఓ బక్క మనిషి, అతని వంతు వచ్చేసరికి క్యారేజీలు అయిపోయాయి. నా చేతిలో మామ్మ మూట మిగిలింది. ఒక్క క్షణం ఆగాను. పాపం, ఇతనికి అన్యాయం జరిగిందనుకుంటూ అదీ ఇచ్చేశాను. అతను నాలుగు ముద్దల్లో తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆట గురించి ఎక్కువ చెప్పను. కెప్టెను కూతకొచ్చి సగంలో తేన్పు వచ్చి కూత తెగింది. రెండోవాడు వంగలేకపోయాడు. మిగతావాళ్ళు గారెల బరువుతో ఉన్నచోటే ఉన్నారు. కానీ మేం తీసిన ప్రతి పాయింటునీ ఆ బక్క మనిషి వచ్చి తిరిగి పట్టుకుపోయేవాడు. ఆఖరి కూత నాది. ఊరంతా గీతల చుట్టూ ఉంది, నాన్న కొట్టు మూసుకుని వచ్చాడు. కెప్టెన్ని ముట్టాను, తిరిగాను. గీత ఇంకో జానెడుందనగా నా చీలమండ ఎవరి చేతిలోనో ఇరుక్కుంది. ఒక్క పాయింటుతో పోయింది. ఆ బక్క మనిషి నన్ను లేపి, నా బట్టల దుమ్ము దులిపి, "ఆ పెరుగన్నం ఎవలు కట్టినారో గానీ బావా, కడుపు నిండినాది, బరువు నేదు" అన్నాడు.

బుధవారం మామ్మ ఆకు వేస్తూ అడిగింది, "సరిపోనాదేటిరా?"

"సరిగ్గా సరిపోయింది మామ్మా."

"మరైతే ఎలగ ఓడినార్రా?"

నేను తల వంచుకుని తినడం మొదలుపెట్టాను. మామ్మ గిన్నె మీద మూత మళ్ళీ తీసి, ఇంకో గరిటె వేసింది.

ఈ కథ ఇప్పటికి ఎన్ని వందలసార్లు చెప్పానో. మా పిల్లలకి చెప్పినప్పుడు మేమే గెలిచాం. మా ఆఫీసులో చెప్పినప్పుడు బక్క మనిషిని నేనే పట్టుకున్నాను. ఒకసారి రైల్లో ముక్కూమొహం తెలియనివాళ్ళకి చెప్పినప్పుడు ఆట రాష్ట్రస్థాయిదైపోయింది. ఇన్ని విధాలుగా కోతలు కోసినవాణ్ణి, చెట్టుకింద ఆ గుడ్డమూట విప్పి నేనే తిన్నానని చెప్పడానికి మాత్రం ఒక్కసారీ నోరు రాలేదు. ఆ పూట అందులో మామ్మ ఉప్పు ఎంత వేసిందో, పక్కన ఊరమిరపకాయ పెట్టిందో అల్లం ముక్క పెట్టిందో ఎవరైనా అడిగితే, ఇంత కోతలరాయుణ్ణీ, ఏం చెప్పను?