పైనుంచి దిగిన వరద

మా పడకగది గోడకి బూజు పట్టిందని బీమా కంపెనీకి నేను నాలుగు పేజీల ఉత్తరం రాశానని, అది చదివి వాళ్ల ఆఫీసు గడగడలాడిందని టీ కొట్టు దగ్గర చాలామందికి చెప్పాను. నిజానికి నేను చేసింది ఒక్క ఫోను. "గోడకి బూజు పట్టిందమ్మా, క్లెయిము కావాలి" అన్నాను. అవతలి అమ్మాయి కర్రకి చీపురు కట్టి దులిపించుకోమని మర్యాదగా సలహా ఇచ్చింది.

తప్పు ఆ పిల్లది కాదు. సాలెపురుగు మూలల్లో అల్లేదీ బూజే, తడి తగిలిన ఆవకాయకి పట్టేదీ బూజే. మాది ఆవకాయ రకం. నల్లటి మచ్చలు, ముక్కవాసన. ఆ గోడ పక్కన మంచం మీద పడుకునే మా ఆవిడకి మూడు నెలలుగా దగ్గు. డాక్టరుగారు మందులు రాస్తూ, ముందు ఆ గోడ సంగతి చూడమన్నారు. వానలు మొదలయ్యేలోపు కంపెనీ చేతే గోడ బాగుచేయిస్తానని ఆవిడకి మాటిచ్చి కూర్చున్నాను.

చీపురు మాట నా పౌరుషానికి తగిలింది. బూజంటే లెక్కలేనివాళ్లు వరదంటే దిగివస్తారనుకుని, మర్నాడు మళ్లీ ఫోను చేసి, మొన్నటి తుపానుకి మా ఇంట్లోకి ఛాతీ లోతు నీళ్లు వచ్చాయని చెప్పాను. ఆ తుపానుకి మా వీధిగుమ్మం రెండో మెట్టు తడిసిన మాట వాస్తవం. మిగతా లోతు నాది.

నష్టం లెక్కగట్టడానికి కంపెనీ సర్వేయరు వచ్చాడు. నడివయసు మనిషి, చాలా నెమ్మది. నేను చెప్పిన ప్రతిదానికీ "ఆయ్" అని తలూపుతుంటే నాకు ఉత్సాహం ఎక్కువైపోయింది. మంచం తేలిందన్నాను. పాలసీ కాగితాలు నెత్తిన పెట్టుకుని ఉప్పలగుప్తం రోడ్డు దాకా ఈదానన్నాను. నాకు ఈత రాదు. కాలువలో స్నానానికి దిగినా రేవు మెట్టు వదలను.

ఆయన టార్చి వేసి గోడ చూశాడు. మచ్చలు పైకప్పు దగ్గర చిక్కగా మొదలై, నా ఛాతీ ఎత్తుకి వచ్చేసరికి పలచబడి ఆగిపోయాయి. ఆ కింద గోడ శుభ్రంగా, తెల్లగా ఉంది.

"బాబాయిగారూ, వరద పైనుంచి దిగిందాండి?" అన్నాడు వినయంగా.

గోదారి పోకడలు మీకు తెలియవని ఏదో అనబోయాను. తలుపు దగ్గర మా ఆవిడ దగ్గి, "ఆ కొబ్బరికాయ సంగతి చెప్పండి" అంది.

చెప్పక తప్పలేదు. తుపాను గాలికి పెరట్లో చెట్టు కాయ ఒకటి డాబా మీది ట్యాంకు పైపు మీద పడి దాన్ని పగలగొట్టింది. నేను సైకిలు ట్యూబు ముక్క చుట్టి, ప్లంబరు కూడా ఇంత బిగువుగా కట్టలేడని చెప్పుకున్నాను. ఆ కట్టులోంచి మూడు నెలలు నీళ్లు గోడలోకి దిగాయి. అంత తుపానుకి మా ఇంటి నష్టం ఒక్క కొబ్బరికాయేనని చెప్పుకోవడం నామోషీ అనిపించింది.

సర్వేయరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అదేదో ఆ వారంలోనే చెప్పేసుంటే పైపుకీ గోడకీ కూడా రాసేవాణ్ణండి. గాలికి పడిన కాయకి మీ పాలసీలో చోటుందండి. నెమ్మదిగా కారి పట్టిన బూజుకి లేదండి. ఈతకీ లేదండి."

వెళ్తూ నా నిజాయితీని మెచ్చుకుని చేయి కలిపాడు. లేదు, చెప్పులేసుకోవడానికి టార్చి పట్టుకోమని నా చేతికిచ్చాడు, అంతే.

క్లెయిము రాలేదు. ఆ సాయంత్రమే ప్లంబర్ని పిలిచి పైపు మార్పించాను. మా ఆవిడ మంచం హాల్లోకి చేర్చాం. అప్పట్నుంచీ దగ్గు కాస్త నెమ్మదించింది. నేను ముక్కుకి తువ్వాలు కట్టుకుని గోడ పూత చెక్కుతున్నాను. నిన్న పక్కింటాయన చప్పుడు విని ఏం చేస్తున్నారని అడిగితే, ఇల్లంతా ఒంటిచేత్తో తిరగకడుతున్నానన్నాను.

హాల్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏవండీ, చీపురు కావాలా?"

కావలసే వచ్చింది. వెళ్లి తెచ్చుకున్నాను.