మూడడుగుల అరుగు

"మూడడుగుల జాగ రోడ్డుకు ఇచ్చుడేంది? మీ తాత బొగ్గుబాయిల డ్యూటీలు చేసి కొన్న జాగ గిది!"

"ఇచ్చుడు కాదవ్వా, అరుగు. జాగ మనదే ఉంటది. నలుగురు కూసుంటరు."

"దుకాణమంటే రోడ్డును తాకాలె. కరీంనగర్‌ల నా చెల్లె కొడుకు కట్టిండు, ఒక్క ఇంచు ఇడువలే. పా, సూపిస్త!"

"పా. నేనూ సూస్త."

నా మనవరాలు సంధ్య ఇళ్ల ప్లాన్లు గీసే చదువు చదివింది. గోదావరిఖని బజారులో మా పెంకుటిల్లు తీసేసిన చోట కింద దుకాణాలు, పైన కాపురాలుండే ఇళ్లు గీసింది. మర్నాడే మేస్త్రీ ముగ్గు పోయాలి. ముగ్గు పడితే ఇక గోడ జరగదు. అందుకే అప్పటికప్పుడు బయలుదేరాం.

ఎనిమిది గంటల బస్సు. ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరమ్మ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్లిచ్చింది. హోటల్ ఖర్చు ఎందుకని సర్వపిండి కట్టుకున్నాను. పెద్దపల్లిలో సీటు దొరికింది.

"యాడికి పెద్దమ్మా?" అంది పక్కనున్నామె.

"బిల్డింగు సూడ."

"కొంటవా?"

"కొట్లాట తెంపుకుంట."

ముందు సీటువాళ్లు కూడా నవ్వారు.

పదిన్నరకు కరీంనగర్‌లో చెల్లెలి కొడుకు బిల్డింగు దగ్గరకు చేరాం. షట్టర్లన్నీ రోడ్డు అంచునే ఉన్నాయి. "సూడు" అన్నాను. వాడు అరగంటలో వస్తానని ఫోనులో చెప్పాడు. అప్పటిదాకా గడప మీద కూర్చుందామంటే, ఎవరూ కూర్చోకుండా ఇనుప మొనలు దింపారు. పైకి మెట్లు రెండు దుకాణాల నడుమ చీకట్లో ఉన్నాయి, వాటినిండా అట్టపెట్టెలు.

"అవ్వా, జర జరుగు, గిరాకికి అడ్డమైతున్నవ్" అంది చెప్పుల దుకాణం ఆమె. జరిగితే రోడ్డే.

"ఓ అవ్వా, నడి రోడ్ల నిలవడ్డవేంది!" అని ఆటో అతను అరిచాడు.

సంధ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నవ్వకు" అన్నాను. ఇంకా నవ్వింది. చివరికి నాకూ ఆగలేదు.

ఎదురుగా పాత కిరాణా దుకాణానికి అరుగుంది. దాని మీద కూర్చుని సర్వపిండి తిన్నాం. ఊరికే కూర్చుని లేవడం బాగుండదని పావుకిలో పల్లీలు కొన్నాను.

"సూసినవా? కూసున్నోళ్లు కొంటరు" అంది సంధ్య.

"నోరు మూసుకొని తిను."

అరగంటన్న చెల్లెలి కొడుకు మధ్యాహ్నం దాటినా రాలేదు. సాయంత్రం తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. "రెండడుగులు సాలవా?" అన్నాను.

"బాయి షిఫ్టు బస్సుకు సూసేటోళ్లు బూట్లతోని కూసుంటే కాళ్లు యాడ వెడ్తరవ్వా?"

"మరి మెట్లు?"

"పక్కకు, ఎలుగుల. దుకాణాలతోని పనిలేదు."

ఇల్లు కట్టేవాళ్లు వేరేవాళ్లు కట్టినదాని ముందు కాసేపు నిలబడి రావాలి. లోపలికి పోకపోయినా పరవాలేదు. బస్సు సుల్తానాబాద్ దాటేసరికి పల్లీలు అయిపోయాయి.

మరునాడు పొద్దున మేస్త్రీ ముగ్గు డబ్బాతో వచ్చి, "గీత యాడ గుంజాలె?" అని అడిగాడు. రోడ్డు నుంచి మూడడుగులు నేనే టేపు పట్టి చూపించాను. ముగ్గు పోశాడు.