కడుపు నింపి తూచిన రోజు

నా చిన్నప్పుడు, తొర్రూరు పక్కన మా పల్లెలో, జ్వరంతో చావు దాకా పోయి వచ్చానట. పిల్ల బతికితే దాని ఎత్తు బంగారం ఇస్తానని మా అమ్మ మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకుంది. పిల్లలూ, మీరు దూరాన పుట్టి పెరిగినవాళ్లు, మీకు తెలియకపోవచ్చు. ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్నే మనం బంగారం అంటాం. మనిషిని కాంటా మీద కూర్చోబెట్టి, సరితూగే బెల్లం ఇస్తాం. ఇవ్వకపోతే తల్లి నన్ను వెనక్కి తీసుకుపోతుందని మా అమ్మ భయం.

జాతర వచ్చింది కానీ బెల్లం కొనే దారి లేదు. అమ్మ పనిచేసే ఇంటి పటేలు, తన మనవరాలి మొక్కుతో పాటు నాదీ తీరుస్తానని ఊరందరి ముందు చెప్పాడు. అమ్మ కాళ్లు మొక్కింది. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, "తూకమయ్యేదాక పోరికి ఏం పెట్టకు. అది తిన్నదంత నేను కొనాలె గద" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అమ్మ నిజంగానే ఏమీ పెట్టలేదు.

ఆయన వాకిట్లో ముందు మనవరాలు కూర్చుంది. పట్టు లంగా, వెండి వడ్డాణం, చేతిలో లడ్డూ. బెల్లం ముద్దలు పేరుస్తున్నకొద్దీ జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నేను. కప్పుకున్న దుప్పటి కూడా తీయించారు. నాలుగు ముద్దలు పడగానే నా తట్ట పైకి లేచింది. పటేలు ఒక ముద్ద వెనక్కి తీసి గంపలో వేసుకున్నాడు.

"గింత అగ్గువ మనిషిని నేనెన్నడు చూడలే!"

అగ్గువ అంటే చవక. అందరూ నవ్వారు. అమ్మతో కలిసి కలుపు తీసే పక్కింటామె ఇంకా గట్టిగా నవ్వి, "నీ బిడ్డ పటేలుకు లాభం చేసిందే వదినె!" అంది. నన్ను మెచ్చుకుంటున్నారనుకుని నేనూ నవ్వాను. ఆకలికి ఆగలేక రాలిన బెల్లం పొడి మీద చెయ్యి వేస్తే, ఆయన ఆ చేతి మీద కొట్టాడు.

అమ్మ వచ్చి నన్ను దించుకుంది. "వద్దు పటేలా. మా మొక్కు మేమే ఇచ్చుకుంటం."

"ఏంతోని ఇస్తవే?"

అమ్మ నన్ను చంకనెత్తుకుని బయటికి నడిచింది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో పని లేదు. ఆయనకు జడిసి ఇంకెవరూ పిలవలేదు.

ఆ రోజే ఇంటికి తీసుకొచ్చి మక్కజొన్న రవ్వతో గట్క వండి, పచ్చిపులుసు పోసి తినిపించింది. చాలన్నా ఆపలేదు. తర్వాత తొర్రూరు నడిపించుకు పోయి, ఎంత కష్టమొచ్చినా కాళ్ల నుంచి తీయని వెండి కడియాలు అమ్మి, బెల్లం కొట్టులో నన్ను కాంటా మీద కూర్చోబెట్టింది. మూతికంటిన గట్క చూసి సావుకారి నవ్వాడు. "మొక్కుకు తూచే పిల్లను తినవెట్టి తోలుకొస్తరా అవ్వా? బరువు పెరగదా?"

"పెరగనియ్యి" అంది అమ్మ. "సరిగ్గ తూచు."

కడియాలున్న చోట అమ్మ కాళ్ల మీద తెల్లటి మచ్చలు చివరిదాకా పోలేదు. అవి చూసుకుని ఆమె ఏనాడూ గర్వపడలేదు, ఏడ్వనూ లేదు. పని దొరకని ఆ యేడు మేం చాలా పూటలు పస్తున్నాం.

మీరు ఫోన్ చేసి, ఎవరికి ఎంత జీతమో, ఎవరు ఎందుకూ పనికిరారో చెబుతుంటే, నేను మధ్యలో "తిన్నవా బిడ్డా" అంటాను. మీరు విసుక్కుంటారు. విసుక్కోండి, నేను మానను. ఆకలి మీదున్న మనిషిని తూచి, ఇంతే నీ విలువ అని నవ్వినవాళ్లను నేను పైనుంచి చూశాను, ఆ కాంటా మీద కూర్చుని.

మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను, తిన్నవా అని మీరెప్పుడైనా అడిగారా?