యశోదా టాకీస్ చల్లగాలి ఆపరేటరు

పుంగనూరు యశోదా టాకీస్ గోడ మీద ఆడుతున్న సినిమా పేరుకంటే పెద్ద అక్షరాలతో ‘చల్లగాలి హాలు’ అని రాసి ఉండేది. ఆ చల్లగాలికి బాధ్యుడు చెంగల్రాయుడు. ఖాకీ చొక్కా వేసుకుని, జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని, ఇంటర్వెల్లో సోడా కొట్టు దగ్గర నిలబడేవాడు. జనం అతన్ని ఏసీ ఆపరేటరు అనేవాళ్లు. ఆ హాల్లో ఏసీ లేదు. సంగతి చెప్పవలసినవాడు ముందే చెప్పాడు గాని, వినవలసినవాడు వినలేదు.

చెంగల్రాయుడిది గుడుపల్లె దగ్గర గొర్రెల మేపకం మీద బతికే ఇల్లు. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా అతనికి మంద తప్ప మరో లోకం తెలియదు. పుంగనూరు సంతకు పొట్టేళ్లను తోలుకుని వచ్చి, మిగిలిన పొద్దు పోక యశోదా టాకీస్‌లో దూరాడు. ఆ రోజు కొత్త సినిమా. నేల టికెట్టు జనం గేటు విరగదోస్తుంటే, ఇతను చేతిలోని దోటిని అడ్డం పెట్టి ఒక్కొక్కరినే లోపలికి వదిలాడు. చెట్ల కొమ్మలు వంచి గొర్రెలకు రొట్ట కోసేందుకు మేపకంవాళ్లు పట్టుకునే కొక్కెం కర్ర అది. టాకీస్ యజమాని వెంకటేశులు వేరుశనగ పండించి, నూనె మిల్లు పెట్టి, ఆ నూనె జిడ్డు చేతులతోనే సినిమాల్లోకి వచ్చినవాడు. మంచి పనివాణ్ణి చూస్తే వదలడు. మరునాటి నుంచి చెంగల్రాయుడు గేట్‌కీపరు. దోటి కూడా అతనితోపాటే ఉండిపోయింది.

ఎనభై అయిదో సంవత్సరం ఎండల్లో మదనపల్లెలో పట్టు వ్యాపారి సుబ్రమణ్యం తన హాలుకు ఏసీ పెట్టించాడు. పుంగనూరు నుంచి జనం బస్సెక్కి అక్కడికి పోసాగారు. సినిమా చూడడానికి కాదు, కూర్చోవడానికి. వెంకటేశులుకు నిద్ర పట్టలేదు. బెంగళూరు నుంచి దొరస్వామి అనే అమ్మకందారును పిలిపించాడు. దొరస్వామి ఏసీ ప్లాంటు ధర చెప్పాడు. వెంకటేశులు దగ్గాడు. దొరస్వామి పక్కనే ఉన్న ఇంకో బొమ్మ చూపించాడు. రేకు పెట్టె, అందులో రెండు ఫ్యాన్లు, మధ్యలో బండి చక్రమంత చక్రం. చక్రం నిండా తేనెపట్టు మాదిరి సన్నని రంధ్రాలు.

‘‘ఒక ఫ్యాను లోపలి గాలిని బయటికి తోస్తాది సార్. ఇంకోటి బయటి గాలిని లోపలికి లాగుతాది. రెండు గాలులూ ఈ చక్రంలోనే పోవల్ల. పొయ్యే గాలిలో చలువ ఉంటాది గదా, అది వేస్టు కాకుండా చక్రం పట్టుకోని వచ్చే గాలికి ఇస్తాది.’’

‘‘చలువ ఇస్తాదా?’’

‘‘ఇస్తాది సార్. అయితే ముందు చలువ చేసే ప్లాంటు ఒకటి...’’

‘‘అది నిదానంగా సూసుకుందాం లేప్పా. ముందు ఈ పెట్టె దింపు.’’

సుబ్రమణ్యం ఏసీ పక్కన కూడా ఇదే పెట్టె ఉందని వెంకటేశులుకు తెలుసు. పక్కనున్నది కొంటే పెద్దది కూడా కొన్నట్టే అనుకున్నాడు. తెర వెనక గోడకు, మనిషి తలకంటే ఎత్తులో దిమ్మె కట్టి పెట్టెను ఎక్కించారు. రేకు గొట్టాలు హాల్లోకి రెండు, బయటికి రెండు. దొరస్వామి రెండు రోజులుండి, ఫిల్టర్లు ఎట్లా కడగాలో, చక్రాన్ని తిప్పే బెల్టు ఎట్లా బిగించాలో, బేరింగుకు గ్రీజు ఎక్కడ పెట్టాలో చెంగల్రాయుడికి చూపించి పోయాడు. ఆ రెండు రోజుల చదువుతో చెంగల్రాయుడు గేటు నుంచి ఆపరేటరయ్యాడు. ఖాకీ చొక్కా వచ్చింది. కూర్చోవడానికి కుర్చీ వచ్చింది. గుడుపల్లెలో అతని ఇంట్లో కుర్చీ లేదు.

పని మాత్రం శ్రద్ధగా చేసేవాడు. ఫిల్టర్లలో చిక్కుకున్న శనగపొట్టు, బీడీ బూడిద దులిపి, బొచ్చు ఉతికినట్టు ఉతికి ఆరేసేవాడు. చక్రం ఒక్క క్షణం ఆగేది కాదు. హాలు మాత్రం ఉడికేది.

అందులో చక్రం తప్పేమీ లేదు. దానికి చలువ, వేడి అనే పక్షపాతం లేదు. పోయే గాలిలో ఏది ఉంటే అది పట్టి వచ్చే గాలి చేతిలో పెడుతుంది. యశోదా టాకీస్‌లో ఉన్నది రేకుల కప్పు వేడి, జనం ఒంటి సెగ, బీడీ పొగ. ఆ ఆస్తిని బయటికి పోనీయకుండా చక్రం భద్రంగా వెనక్కి తెచ్చి మళ్లీ జనం నెత్తినే పోసేది. జనం చొక్కాలు విప్పుకుని సినిమా చూసేవాళ్లు. తెలియక లోపలికి వచ్చినవాళ్లు ఇంటర్వెల్లో మదనపల్లె బస్సు ఎప్పుడని అడిగేవాళ్లు.

ఆ రోజుల్లోనే చెంగల్రాయుడి అమ్మ దొడ్డమ్మ, అన్న హనుమంతప్ప అతని ఉద్యోగం చూసిపోదామని వచ్చారు. దొడ్డమ్మను కుర్చీ క్లాసులో కూర్చోబెట్టారు. ఆమె సినిమా సగంలోనే గాఢంగా నిద్రపోయింది.

‘‘ఎట్లుండాదిమ్మా?’’ అని అడిగాడు చెంగల్రాయుడు.

‘‘బాగుండాది నాయనా. మన దొడ్డిలో మంద మధ్యన పండుకున్నట్టే ఎచ్చగా ఉండాది.’’

పక్కనే ఉన్న వెంకటేశులు విన్నాడు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి పోయాక అన్నాడు.

‘‘మీయమ్మ దొడ్డి అనింది. ఊరు గూడా అదే అంటాండాది. సూడు రాయుడూ, మిషన్ మంచిదే. నడిపేవాడే సరిలేడు. దసరాకంతా హాలు సల్లబడల్ల. లేదంటే చొక్కా విప్పి ఈడ పెట్టి, గుడుపల్లె బస్సెక్కు.’’

హనుమంతప్ప ఆ మాటకు సంతోషించాడు. తమ్ముడి వాటా గొర్రెలు కూడా తనే మేపి మేపి విసిగిపోయాడు. ‘‘దసరాకు నేనే వస్తా. దోటి మర్సిపోకుండా తెచ్చుకో’’ అని చెప్పి బస్సెక్కాడు.

చెంగల్రాయుడికి కుర్చీ పోతుందన్న దిగులుకంటే, అన్న వెనక నడుచుకుంటూ ఊళ్లోకి పోవాలన్న దిగులే ఎక్కువ. రెండో ఫిల్టరు తెప్పించాడు. బెల్టు ఇంకా బిగించాడు. చక్రం ఇంకా బాగా తిరిగింది. హాలు ఇంకా బాగా ఉడికింది.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు ప్రొజెక్టరు, టికెట్ల పెట్టె, వెంకటేశులు అంబాసిడరు అన్నీ కడిగి బొట్లు పెట్టారు. రేకు పెట్టె తలుపు తీయించి చక్రానికి కూడా పసుపు పూశారు. వెంకటేశులు భార్య యశోదమ్మ మోకాళ్లదాకా వేలాడే బంతిపూల మాల పంపించింది. బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ శనగలూ పంచారు. పూజ చేసిన సామాను మీద ఆ పూటకు ఎవరూ చెయ్యి వేయరు. కాని సాయంత్రం ఆట ఉంది. ఫ్యాన్లు వేయక తప్పదు. చెంగల్రాయుడు దండం పెట్టుకుని స్విచ్చి నొక్కాడు. మాల చివర బెల్టు కింద ఇరుక్కుంది. బెల్టు జారింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చక్రం నిలిచిపోయింది.

పూజ చేసినదాన్ని ముట్టడానికి అతనికి భయం. ముట్టకపోతే ఉద్యోగం పోతుందని ఇంకో భయం. ఈ రెండింటి మధ్య తేల్చుకునేలోపు హాల్లోంచి ఈలలు వినిపించాయి. కోపం ఈలలు కావవి, సంతోషం ఈలలు. నిలిచిపోయిన చక్రం రంధ్రాల్లోంచి బయటి సాయంకాలపు గాలి ఏమీ కలవకుండా తిన్నగా హాల్లోకి వస్తోంది. పుంగనూరు ఆశ్వయుజ మాసపు గాలికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆట అయ్యాక వెంకటేశులు తెర వెనక్కి వచ్చి చెప్పులు విడిచాడు. పెట్టెకు దండం పెట్టాడు.

‘‘ఇన్నాళ్లూ పూజ లేకనే అలిగిండాది. ఇంక ప్రతి శుక్రవారం మాల వేయల్ల. వేసినాక ఎవరూ ముట్టకూడదు. నువ్వొక్కడే.’’

అన్న హనుమంతప్ప మరునాడు వచ్చాడు. ఫ్రీగా మ్యాట్నీ చూసి, దోటి లేకుండా, తమ్ముడు లేకుండా తిరిగి పోయాడు.

చెంగల్రాయుడికి ఒక్కటి అర్థమైంది. చక్రం ఆగితే చల్లన. ఎందుకో తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తెలిసినా ఎవరికీ చెప్పలేడు. తిరగని చక్రానికి ఆపరేటరు ఎందుకని వెంకటేశులు అడగడానికి ఒక్క నిమిషం పట్టదు. అందుకని దోటి కొక్కెంతో బెల్టు తప్పించే ఉంచి, ప్రతి శుక్రవారం పైనుంచి కొత్త మాల వేసేవాడు. మాల వెనక చక్రం తిరుగుతోందో లేదో చూసేంత పాపం ఎవరూ మూటగట్టుకోరు. పూజ చేసిన మిషన్ తలుపు తీసి చూసేవాడు పుంగనూరులో పుట్టలేదు.

మార్గశిరం వచ్చేసరికి జనం కంబళ్లు కప్పుకుని వచ్చారు. ‘‘సల్లగాలి అంటే సంపుతారా?’’ అని తిట్టుకున్నారు. వెంకటేశులు మళ్లీ మొహం ముడిచాడు. చెంగల్రాయుడు తెర వెనక్కి పోయి, కాసేపు ఆగి, దోటితో బెల్టు ఎక్కించాడు. హాలు దొడ్డిలా వెచ్చబడింది. ‘‘సలికాలంలో సెగ, ఎండాకాలంలో సలువ. మదనపల్లెలో ఉండాదా ఈ మిషన్?’’ అని వెంకటేశులు సోడా కొట్టు దగ్గర పందెం కాశాడు. గోడమీద ‘చల్లగాలి’ పక్కన ‘వెచ్చగాలి’ కూడా రాయించాడు.

పేరు మదనపల్లె చేరింది. మరుసటి ఎండాకాలం నడిమధ్యలో సుబ్రమణ్యం మనిషిని పంపించాడు. అతని పెట్టెలో చక్రం కీచుమంటోంది. దొరస్వామి రేపు మాపు అంటున్నాడు. చెంగల్రాయుడు అమ్మకు జ్వరమని వెంకటేశులుకు చెప్పి మదనపల్లె బస్సెక్కాడు. దోటిని గోనెలో చుట్టుకుని మరీ వెళ్లాడు.

సుబ్రమణ్యం మర్యాద తెలిసిన మనిషి. కాఫీ తెప్పించాడు.

‘‘నువ్వు సేసేదాంట్లో ఏదో మర్మముండాది అంటారే, ఏందప్పా అది?’’

‘‘మర్మమేముండాది సామీ. భక్తి.’’

‘‘నచ్చితే ఈడే ఉండిపో. రూము గూడా ఇస్తా.’’

రూము మాట వినగానే చెంగల్రాయుడికి గుడుపల్లె ఇంకో పాతిక మైళ్లు వెనక్కి జరిగినట్టనిపించింది. బంతిపూల మాల తెప్పించాడు. నిమ్మకాయలు కోశాడు. అందరినీ బయటికి పంపి, తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. దోటితో బెల్టు తప్పించాడు. కీచుమనడం ఆగిపోయింది. సుబ్రమణ్యం తల ఊపాడు.

మ్యాట్నీ మొదలైంది. అక్కడ ఏసీ ఉంది, పోయే గాలిలో నిజంగానే చలువ ఉంది. దాన్ని పట్టి వచ్చే గాలికి ఇవ్వవలసిన చక్రం మాల వేసుకుని నిలబడింది. నడివేసవి మధ్యాహ్నపు గాలి నిప్పుల మీంచి లేచినట్టు తిన్నగా హాల్లోకి దిగింది. ఏసీ ప్లాంటు దానితో కొంతసేపు పెనుగులాడి, గుర్రుమని, తడబడి, ఇంటర్వెల్‌కు ముందే నోరు మూసుకుంది. ఆ హాలు కట్టిందే ఏసీ కోసం, కిటికీలు లేవు. జనం తలుపుల మీద పడ్డారు. కుర్చీల చేతులు విరిగాయి. బయటపడినవాళ్లు టికెట్ల కిటికీ దగ్గర చేరారు.

సుబ్రమణ్యం తెర వెనక్కి వచ్చి మాలను చూశాడు. మాల తప్పించి చక్రాన్ని చూశాడు.

‘‘ఏందప్పా ఇది? తిరగడంల్యా.’’

‘‘మాదీ తిరగదు సామీ’’ అన్నాడు చెంగల్రాయుడు. బతుకులో ఆ సంగతి అతను నోరు తెరిచి చెప్పింది ఆ ఒక్కసారే. ఎవరూ నమ్మలేదు.

‘‘ఎవురు పంపినారు నిన్ను?’’

చెంగల్రాయుడు వెనక గుమ్మం గుండా దోటితో సహా బయటపడి, బస్టాండుకు పోకుండా, పుంగనూరు రోడ్డు వెంబడి నడిచాడు. దారిలో ఒక మంద అడ్డం వచ్చింది. మేపేవాడు ఇతని భుజం మీది దోటిని చూసి, ‘‘ఏ ఊరి మందప్పా మీది?’’ అని అడిగాడు. చెంగల్రాయుడు పక్కకు తప్పుకున్నాడు. ఇంక తనకు మిగిలింది ఇదేనని నిశ్చయించుకున్నాడు. పుంగనూరు చేరి చొక్కా విప్పి ఇచ్చి, పొద్దున గుడుపల్లె పోవాలి.

అతనికంటే ముందే వార్త బస్సులో చేరింది. యశోదా టాకీస్ ముందు వెంకటేశులు నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం.

‘‘సామీ, తప్పు...’’ అంటూ చెంగల్రాయుడు చొక్కా పై గుండీ తీశాడు.

వెంకటేశులు ఆ చెయ్యి పట్టుకున్నాడు. ‘‘నోరు మూసుకో. అమ్మకు జ్వరమంటే నేను నమ్మితినని అనుకుంటివా?’’ గొంతు తగ్గించి, నలుగురికీ వినపడేంత రహస్యంగా అన్నాడు. ‘‘నేను సెప్పకనే పోయి సుబ్రమణ్యం హాలు పడగొట్టి వస్తివే. ఈ బుద్ధి నా సొంత మనుషులకు గూడా లేదు రా.’’

చెంగల్రాయుడు తీసిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు.

సుబ్రమణ్యం హాలు ఆ వేసవికి మళ్లీ తెరుచుకోలేదు. మదనపల్లె బస్సులెక్కిన జనమే ఇటు బస్సులెక్కి వచ్చారు. చెంగల్రాయుడికి టాకీస్ వెనక గది ఇచ్చారు. వాటా గొర్రెలను అన్నకే రాసిచ్చాడు. దొరస్వామి ఒకసారి మరమ్మతుకని వచ్చి పెట్టె తలుపు మీద చెయ్యి వేయబోతే, వెంకటేశులు కాళ్లు కడుక్కుని రమ్మన్నాడు. కడుక్కుని వచ్చేసరికి చెంగల్రాయుడు బెల్టు ఎక్కించేశాడు. దొరస్వామి చక్రం చూసి, ‘‘చాలా బాగా పెట్టుకోనుండారు’’ అని మెచ్చుకుని పోయాడు.

తరువాతి ఆయుధ పూజకు హనుమంతప్ప మళ్లీ వచ్చాడు. తమ్ముడి కోసం కాదు. తన దోటి విరిగింది, ఇంట్లో ఇంకోటి లేదు, తమ్ముడిది ఇక్కడ ఊరకే పడి ఉంటుందని తీసుకుపోదామని వచ్చాడు. తెర వెనక్కి వెళ్లేసరికి అది గోడకు ఆనించి ఉంది. కొక్కేనికి పసుపు, కర్రకు మూడుచోట్ల కుంకుమ బొట్లు, చుట్టూ పూలు. వెంకటేశులు దాని ముందు కర్పూరం వెలిగిస్తున్నాడు.

హనుమంతప్ప చెయ్యి చాపబోయి ఆగాడు.

‘‘ముట్టొద్దున్నా’’ అన్నాడు చెంగల్రాయుడు. ‘‘పూజ సేసిండారు.’’

ఇన్ని బొరుగులు, శనగలు అన్న ఒళ్లో పోసి, మ్యాట్నీకి కుర్చీ క్లాసు చూపించాడు.