చుక్కల వెనక పద్యాల కోసం రూవి దాకా

1970ల మధ్యలో నేను మస్కట్ వెళ్లింది పదకొండు పద్యాల కోసం. నాలుగు వందల ఏళ్ల నాటి కథాకావ్యమొకటి, అప్పటికి ముప్పై ఏళ్ల కిందట కడపలో అచ్చయింది. అందులో ఒక పుట నిండా పదకొండు పద్యాలకు బదులు చుక్కలే. రెండో కూర్పు అట్ట మీద "పెద్దలకు మాత్రమే" అని వేశారు. తెలుగు పండితుడిగా ఉన్నన్నాళ్లూ ఆ పుట రాగానే దగ్గి, దాటేసేవాణ్ణి. పిల్లలంతా పుస్తకం కొనుక్కున్నారు.

మూడో కూర్పుకు ముందుమాట నాదే. ఆ ఘట్టం ఎంత పచ్చి శృంగారమో ఏడు పేజీలు రాశాను. రేపెవరైనా అసలు పద్యాలు చూపి కాదంటే నా పరువు పోతుంది. పుస్తకం కంపోజ్ చేసిన బాషా ఇప్పుడు మస్కట్‌లోని రూవి పేటలో ఒక ప్రెస్సులో ఉన్నాడని తెలిసి బయలుదేరాను.

శుక్రవారం ఉదయం 7.40కి బొంబాయిలో విమానం. మస్కట్ విమానాశ్రయం సీబ్‌లో దిగగానే గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. రూవి టాక్సీ నలుగురు ఎక్కేదాకా కదలదు, నీళ్లు దగ్గరుంచుకోండి. 11.15కి బాషా రూమ్ చేరాను. అతను మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, కొంగు లేదు గనక తువ్వాలు నడుముకు బిగించి, పప్పన్నం వడ్డించాడు. తిన్నాక వక్కపొడి ఇస్తూ అసలు సంగతి చెప్పాడు.

"పద్యాలు యాడుండాయి సార్? ఆ తాటాకు చెదలు తినేసె. పుట ఖాళీగా పోగూడదని చుక్కలు పేర్చినా."

చుక్కల్లో ఏముందని జనం అడుగుతుంటే కడప ప్రెస్సు ఓనరు నోరు విప్పలేదట. రెండో కూర్పుకు ఆ అట్ట వేయించాడట. నేను ఒప్పుకోలేదు. బాషా పుస్తకం తెరిచాడు.

"ముందు పద్యంలో ఆయమ్మ దీపం ఎగదోసి కొంగు బిగించె. చుక్కలైనాక ఆయప్ప తాంబూలం ఏసుకుంటాండాడు. మనమిప్పుడు చేసిందేంది సార్?"

చేతిలో వక్కపొడి చూసుకున్నాను. భోజనం. ముప్పై ఏళ్లు నేను దగ్గింది అన్నం, పప్పు దగ్గర.

తిరుగు విమానంలో పక్క సీటు కరీంనగర్ మేస్త్రీ చుక్కల పుట చూసి, ఏమిటని అడిగాడు. పుస్తకం మళ్లీ అచ్చుకు పోతోందనీ, అక్కడ భోజనం చేశారనీ నిజమే చెప్పాను.

"ఊకోండ్రి సార్, బువ్వకు గిన్ని చుక్కలు వెడ్తరా? అచ్చయినంక నాకొకటి పంపుండ్రి."

బొంబాయి వచ్చేలోగా ఏడు పేజీలూ చించి, చెదల సంగతీ భోజనం సంగతీ ఉన్నదున్నట్టు రాశాను. చుక్కలు మాత్రం అలాగే ఉంచమన్నాను. నా ముందుమాట ఎవరూ నమ్మరని మేస్త్రీ అప్పటికే తేల్చేశాడు.