ఈశ్వరమ్మ రాసుకున్న ఎనిమిది వరుసలు

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కొత్తకోటలో లారీ మెకానిక్‌ల మధ్య చిన్న కంప్యూటర్ రిపేరు షాపు నాది. "దయ్యం పట్టింది ఖాజాభాయ్, దానంతల అదే బందైతుంది" అని తెచ్చిన డబ్బాల్లో ఇప్పటిదాకా నాకు దొరికినవి చీమలు, బల్లి గుడ్లు, ఒకసారి సగం తిన్న బిస్కెట్టు. దెయ్యం దొరకలేదు. దొరికితే షాపు ముందు కట్టేసుకునేవాణ్ణి, పేరైనా వచ్చేది.

చదువు సంగతి ముందే చెబుతాను. ఎనిమిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. కాబట్టి ఇందులో పెద్ద మాటలుండవు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా తప్పుతో సహా.

గద్వాలలో వెంకటస్వామి అని చీరల అంచులకు డిజైన్లు గీసే మనిషి ఉన్నాడు. ముప్పై ఏళ్ల పని. మొదట్లో గళ్ల కాగితం మీద గీసేవాడు. తర్వాత అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకున్నాడు. కాగితాలకు చెదలు పడితే భార్య ఈశ్వరమ్మ పొయ్యిలో వేసింది.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. కర్నూలు దవాఖానలో ఇరవై రోజులున్నాడు. ఆయన ఇంటికొచ్చేసరికి కంప్యూటర్ సాఫీగా నడవాలని ఈశ్వరమ్మ నన్ను పిలిపించింది. కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వర్షన్ ఎక్కించాను. అది మెయిల్ అడిగితే నోటికొచ్చిన పేరుతో ఒకటి తయారుచేసి, నా దగ్గరున్న పాత సిమ్ నంబరు ఇచ్చి పని కానిచ్చాను. అందరికీ అంతే చేసేవాణ్ణి.

ఆ కొత్త వర్షన్ ఎవర్నీ అడగకుండా డిస్కుకు తాళం వేసుకుంటుందని నాకప్పుడు తెలియదు. దాని తాళంచెవి నలభై ఎనిమిది అంకెలు. అవి పోయి ఆ మెయిల్లో కూర్చుంటాయి. మెయిల్ పేరు నేను రాసిపెట్టుకోలేదు. సిమ్ రీచార్జి లేక ఎప్పుడో చచ్చింది.

మొన్న వేసవిలో కరెంటు ఎక్కువై మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేశాను. డిస్కు బాగానే ఉంది కానీ, బోర్డు మారేసరికి దొంగ వచ్చాడనుకుని తాళంచెవి అడిగింది. వారం రోజులు కుస్తీ పట్టాను. వనపర్తిలో, హైదరాబాదులో తెలిసినవాళ్లకు ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే మాట: అంకెలు లేకపోతే డిజైన్లు లేనట్టే.

ఆ మనిషి ఇక గీయలేడు. ముప్పై ఏళ్లలో గీసిందంతా అందులోనే ఉంది. తాళం వేసింది నేను. ఈశ్వరమ్మకు మాత్రం అంతా కరెంటు మీదికి నెట్టి చెప్పాను.

ఒక రోజు పొద్దున పదకొండు గంటలకు, పోయిందని చెప్పడానికే డబ్బా పట్టుకుని గద్వాల వెళ్లాను. ముందరి గదిలో మగ్గం, దాని పక్కన మంచం మీద వెంకటస్వామి. వైర్లు కలిపి, తాళంచెవి అడిగే నీలం తెర చూపించాను.

"ఏమడుగుతున్నదిరా అది?" అంది ఈశ్వరమ్మ.

"అంకెలు పెద్దమ్మా. నలభై ఎనిమిది. నాకు తెల్వదు, నీకు తెల్వదు."

"బాగు చేస్తనని తీస్కపోతివి గద?"

"చేసిన. ఇల్లు మంచిగనే ఉంది, తాళంచెవే లేదు."

"నోరైతే జోరుగ నడుస్తది నీకు. చేతులు గట్ల నడుస్తె ఎంత బాగుండు."

అప్పుడు మంచం మీద నుంచి గొంతు వినిపించింది. వెంకటస్వామి లెక్క పిలుస్తున్నాడు.

దీని గురించి కొంచెం చెప్పాలి. వెనకట కొత్త అంచును మగ్గానికి ఎక్కించేటప్పుడు, ఏ వరుసలో ఎన్ని దారాలు లేపాలో ఆయన కాగితం చూసి రాగం తీస్తూ పిలిచేవాడు. ఆమె దాని ప్రకారం ముడులు వేసేది. మాట పోయినా ఆ పిలుపు మిగిలింది. కొందరికి అలా పాట, లెక్క మిగులుతాయని డాక్టరు కూడా చెప్పాడట. కాబట్టి అందులో వింత లేదు.

"నాలుగు... ఒకటి... ఏడు... మూడు... ఐదు... ఒకటి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ ఆరు అంకెలు. ఈశ్వరమ్మ అలవాటు కొద్దీ నోటు పుస్తకం తీసి రాసుకుంటూ పోయింది. ఎనిమిది వరుసలయ్యాక ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఆమె కాగితం చూసి మొహం చిట్లించింది. "ఇది అంచు గాదు ఖాజా. నా చేతుల మీద పోని అంచు ఆయన దగ్గర ఒక్కటి లేదు. ఈ లెక్కకు దారాలే కలువవు."

నేనూ చూశాను. వరుసకు ఆరు, వరుసలు ఎనిమిది. ఆ గుణకారం నాక్కూడా వస్తుంది.

ఆ తెరకు ఒక గుణం ఉంది. ఆరేసి అంకెలు కొట్టగానే, పదకొండుతో శేషం లేకుండా భాగం పోతుందో లేదో చూస్తుంది. పోకపోతే అక్కడే ఆపేస్తుంది. ఊరికే చూద్దామని మొదటి ఆరూ కొట్టాను. ఆపలేదు. ఒక్కటి గుడ్డిగా కలవొచ్చు. రెండోదీ ఆపలేదు. దారం లేపొద్దన్నట్టు ఆయన "ఖాళీ" అన్నచోట సున్న కొట్టాను. నాలుగో వరుస నుంచి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూసుకుంటూ కొట్టాను. ఎనిమిదోది కొట్టి ఎంటర్ నొక్కితే డిస్కు తెరుచుకుంది.

కోటకొమ్మ, రుద్రాక్ష, హంస, అన్ని అంచులూ ఉన్నాయి. ముందు రెండు వేరే డిస్కుల్లోకి ఎక్కించి, తాళం తీసేసి, అప్పుడు మంచినీళ్లు తాగాను.

ఆ తర్వాత వెతకాల్సినవన్నీ వెతికాను. ఏ ఫైల్లోనూ ఆ అంకెలు లేవు. తాళం పడిన రోజు ఆయన కర్నూలులో ముక్కులో పైపుతో పడుకుని ఉన్నాడు. ఎక్కించిన నాకే ఆ అంకెలు ఎప్పుడూ తెర మీద కనపడలేదు. ఆ కాగితం చూపించి మళ్లీ పిలవమంటే, పక్కింటివాళ్ల కరెంటు బిల్లు చూసినట్టు చూశాడు. హంస అంచు తెర మీద పెడితే మాత్రం తప్పు లేకుండా పిలిచాడు.

ఆ రోజు వెళ్లిపోతూ గడప దగ్గర ఆగాను. "పెద్దమ్మా, కరెంటుది తప్పు లేదు. ఆ తాళం ఏసింది నేనే" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె నోటు పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"నిన్ను తిట్టుడు తర్వాత తిడ్త. నువ్వేసిన తాళం, నీకే తెల్వని అంకెలు. ఆయనకెట్ల తెల్సినయ్? గది చెప్పు ముందుగాల."

ఎప్పుడు వెళ్లినా అదే అడుగుతుంది. ఆమె తిట్లు ఇంకా మొదలు కాలేదు.