బీరువాలో తాళం వేసిన మాత్రలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా గ్రామ నర్సులందరినీ విరుదునగర్‌కు శిక్షణకు పిలిచారు. ఏ జాగ్రత్తా లేకుండా కలిశాక మూడు రోజుల్లోపు మింగితే గర్భం రాకుండా ఆపే మాత్రల గురించి. పొద్దున ఒక డాక్టరమ్మ చక్కగా చెప్పింది. ఇది కడుపు తీసే మందు కాదు, ఎంత తొందరగా మింగితే అంత మంచిది, చంటిబిడ్డ తల్లికైనా ఇవ్వచ్చు అని.

మధ్యాహ్నం పెద్ద అధికారి వచ్చి మైకు పట్టుకున్నాడు.

"మెడలో తాళి చూసి ఇవ్వండి. లేకపోతే ఊళ్లో ఆడపిల్లలు చెడిపోతారు."

హాల్లో సగంమంది నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి అడిగాను.

"చెరిచినవాడి మెడలో ఏం చూడాలి సార్?"

"కూర్చోమ్మా. వినడానికి పిలిచాం, మాట్లాడటానికి కాదు."

మాత్రలు మా సంచుల్లో ఉండాలని శిక్షణలో చెప్పారు. మా ఆరోగ్య కేంద్రం డాక్టరు మాత్రం వాటిని బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "మీ చేతికిస్తే మిఠాయిల్లా పంచేస్తారు," అన్నాడు. నేనేమో ఏళాయిరంపన్నై చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, అవసరమైతే నా దగ్గరికి రండని చెప్పుకుంటూ తిరిగాను.

ఒక శనివారం మధ్యాహ్నం ఒకామె వచ్చింది. పటాసుల ఫ్యాక్టరీలో పని. గోళ్ల సందుల్లో మందుపొడి ఇంకా వెండిలా మెరుస్తోంది. చంకలో పాలు తాగే బిడ్డ. బయటంతా తమిళమే అయినా, మా ఇళ్లలో మాట్లాడే తెలుగులోనే చెప్పింది.

"అక్కా, గురువారం రేత్రి వద్దు వద్దంటిని, ఆయన విన్లేదు. మల్లా కడుపొస్తే నేను తట్టుకోలేను. ఫ్యాక్టరీలో సెలవియ్యలేదు, ఇప్పుడే విడిచిపెట్టిరి. మాత్ర ఉండాదని చెప్తిరే?"

ఆదివారం దాటితే లాభం లేదు. ఆరోగ్య కేంద్రానికి పరుగెత్తాను. డాక్టరు కోవిల్‌పట్టిలో తన సొంత క్లినిక్‌కు వెళ్లిపోయాడన్నారు. బస్సెక్కి అక్కడికీ వెళ్లాను.

"సోమవారం చూద్దాం," అన్నాడు తల ఎత్తకుండా.

"సోమవారానికి పనిచేయదు సార్. తాళంచెవి ఇవ్వండి చాలు."

"అంత అవసరమైతే మొగుణ్ణి తీసుకురమ్మను."

ఎవడివల్ల వచ్చిందో వాణ్ణే తీసుకురావాలట! బయటికొచ్చి మందుల షాపులన్నీ తిరిగాను. ఒకడు లేదన్నాడు. ఒకడు డాక్టరు చీటీ కావాలన్నాడు. ఇంకొకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, "మీకేనా?" అని ఇకిలించాడు. "అవును నాకే, ఇస్తావా?" అని అరిచాను. ఇవ్వలేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చి ఆమెకు ఆ మాట చెప్పాను. ఆమె బిడ్డను చంక మార్చుకుని వెళ్లిపోయింది.

కడుపు వచ్చింది. ఆస్పత్రికి పోతే అందరికీ తెలుస్తుందని, ఎవరో నాటువైద్యం చేసే ముసలామె దగ్గరికి పోయింది. రక్తం ఆగక పెద్దాస్పత్రిలో పడేశారు. గర్భసంచి తీసేస్తేగాని ప్రాణం నిలవలేదు.

ఆ నెల మీటింగులో డాక్టరు, "ఈ ఆడవాళ్లు ముందే వచ్చి చెప్పరు, అదే మన ఖర్మ," అన్నాడు.

నేను కూర్చోలేకపోయాను. "ఆమె నాకు చెప్పింది. నేను కోవిల్‌పట్టి దాకా వచ్చి మీకు చెప్పాను. తాళంచెవి మీ జేబులోనే ఉంది."

ఆయన ముఖం నల్లబడింది. నా వెనక ఒక నర్సు లేచి, "మా ఊళ్లోనూ ఇంతే అయింది సార్," అంది. తర్వాత ఇంకొకామె లేచింది. ఆ సాయంత్రమే బీరువా తెరిపించి మాత్రలు మా సంచుల్లో వేసుకున్నాం.

కొన్నాళ్లకే నన్ను దూరంగా తిరుచ్చులి వైపు బదిలీ చేశారు. వెళ్లేముందు ఆ బిడ్డతల్లిని చూడటానికి పోయాను. గడపలో కూర్చుని ఉంది, మనిషి సగమైపోయింది. "నువ్వు తిరిగితివి గదక్కా," అని నన్నే ఓదార్చింది. నాకు ఓదార్పు వద్దు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆ డాక్టరుకు తర్వాత ప్రమోషన్ వచ్చిందని విన్నాను.